అక్క మాత్ర

బైండింగ్ షాపులో ఆమెని అందరూ చిటికె అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఓనరే. పని చేతికిచ్చి "ఎప్పటికవుతుందమ్మా?" అంటే "చిటికెలో అయిపోతుందండీ" అనేది, అన్నట్టే చేసి పడేసేది. అచ్చయి వచ్చిన పేజీల ఫారాలు మడవడంలో, వరసగా పేర్చడంలో, దబ్బనంతో కుట్టడంలో ఆ షాపులో ఆమెకి సాటి ఎవరూ లేరు. పక్క బల్ల దగ్గర కూర్చునే సొంత అక్క కూడా సాటి రాదు. చెల్లెలికి దబ్బనం పట్టుకోవడం నేర్పింది అక్కే. ఏడాది తిరక్కుండా ఆ చెల్లెలు తనని దాటిపోతే కుళ్ళుకోలేదు సరికదా, కొత్తగా చేరినవాళ్ళకి "అదుగో, అది నా చెల్లెలు" అని చూపించి మురిసిపోయేది.

ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. ఏది దొరికినా సగం సగం. ఒకే గొడుగు, ఒకే దువ్వెన, ఒకే టీ రెండు గ్లాసుల్లో. సన్నపనికి పెట్టుకునే కళ్ళద్దాలు కూడా ఇద్దరికీ కలిపి ఒకటే జత. "ఏయ్, కళ్ళిటు పడెయ్" అని ఒకరంటే రెండోవాళ్ళు ముక్కు మీంచి తీసి బల్ల మీద జారవిడిచేవాళ్ళు. ఎవరి చూపు ఎంతో విడిగా చూపించుకోవాలన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు. తలనొప్పి మాత్రయినా, జ్వరం మాత్రయినా ఒకరికి పనిచేస్తే రెండోవాళ్ళకీ పనిచేసి తీరాలి. ఓనరు చూసి "మీ ఇద్దరికీ కలిపి ఒక్క జీతం ఇస్తే సరిపోతుందేమో" అని హాస్యమాడితే, "అయితే పని కూడా ఒక్కళ్ళదే తీసుకోండి" అని చిటికె వెంటనే అంటించేది.

ఇల్లూ అంతే. మెట్లెక్కితే పైగదిలో అక్క, కింద రెండు గదుల్లో చెల్లెలు, ఆమె భర్త, నాలుగేళ్ళ పాప. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "ఈ ఇంట్లో సగం చాకిరీ నాదే, మళ్ళీ ఇంకో ఇల్లెందుకు నాకు?" అని నవ్వేసేది. పాప కూడా అన్నం కింద తిని, కథ వినడానికి పైకెక్కేది.

అలాంటి చిటికె నెమ్మదించింది. ఒక్కసారిగా కాదు. పాప పుట్టినప్పటి నుంచే మనిషి కోలుకోలేదని అక్కకి తెలుసు, కానీ పసిబిడ్డ తల్లికి నిద్రెక్కడిది, తిండెక్కడిది అని సరిపెట్టుకుంది. బిడ్డ పెరిగింది, నడిచింది, మాటలు నేర్చింది. తల్లి మాత్రం రోజురోజుకీ దిగజారింది. ఎండలు మండిపోతుంటే శాలువా కప్పుకుని కూర్చునేది. దువ్వెన నిండా జుట్టు. మొహం పాలిపోయి, కనురెప్పలు ఉబ్బి, ఎవరైనా పిలిస్తే రెండు క్షణాలాగి "ఊఁ?" అనేది. ఆ రెండు క్షణాలే అక్కని భయపెట్టాయి. వెనకటికి మనం మాట పూర్తి చేయకముందే జవాబు చెప్పే మనిషి అది.

ఓనరు కూడా చాలాకాలం ఓర్చుకున్నాడు, పాపం. ఒకరోజు ఏదో ఆఫీసు వాళ్ళవి నలభై రిజిస్టర్లు తిరిగొచ్చాయి. మూడో ఫారం తర్వాత అయిదో ఫారం, దాని తర్వాత నాలుగు. నలభైలోనూ అదే తప్పు. కుట్టింది చిటికె. ఓనరు అరవలేదు. ఒక రిజిస్టరు తెచ్చి ఆమె ముందు తెరిచిపెట్టి, పేజీ అంకెల మీద వేలు పెట్టి చూపించి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఆమెకి కుట్టుపని ఇవ్వలేదు, అట్టల మీద చీటీలు అంటించే పని ఇచ్చాడు. ఆ పని కొత్తగా చేరినవాళ్ళు చేసేది. జిగురు గిన్నె ముందు కూర్చుని చిటికె నిద్రపోతుంటే, కటింగ్ మిషను దగ్గరి అతను "చిటికెమ్మా, లేమ్మా, షాపు కట్టేస్తున్నాం" అని మధ్యాహ్నం పూట ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. చిటికె కూడా నవ్వింది. అక్కకి ఆ రోజు తిన్నది ఒంటబట్టలేదు.

"నాకు తెలుసు నీకేమైందో," అంది ఇంటికి నడుస్తూ. "థైరాయిడు. నాకొచ్చిందే నీకూ వచ్చింది. సగం సగం కదా మనకి."

ఆరేళ్ళ కిందట అక్కకి సరిగ్గా ఇలాగే అయింది. ఇదే చలి, ఇదే నిద్ర, ఇదే జుట్టు. రక్తం తీసి చూశారు, గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయట్లేదన్నారు, పొద్దున్నే పరగడుపున వేసుకోమని ఒక చిన్న తెల్ల మాత్ర రాశారు. రెండు నెలల్లో మనిషి మనిషైంది. కాబట్టి అక్కకి భయం పోయి హుషారొచ్చింది. జబ్బు పేరు తెలిసింది, మందు తెలిసింది, ఇంకేం కావాలి?

వీధి చివరి క్లినిక్కుకి తీసుకెళ్ళింది. డాక్టరుగారు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చెడ్డవాడైతే తిట్టుకుని మనసు తేలిక చేసుకోవచ్చు. బయట బెంచీల మీద నలభైమంది కూర్చుని ఉండగా, ఒక్కొక్కరికీ దొరికే కాసేపట్లో, ఆయన ఓపిగ్గానే విన్నాడు. మెడ తడిమి చూశాడు. పరీక్షకి చీటీ రాశాడు. మర్నాడు కాగితం చూసి నవ్వాడు.

"ఏం లేదమ్మా. టీఎస్‌హెచ్ రెండు పాయింట్ ఒకటి. నార్మల్. థైరాయిడ్ లక్షణంగా ఉంది."

"మరి ఈ నీరసం?" అంది అక్క.

"రక్తం కాస్త తక్కువుంది. బలానికి మాత్రలు రాస్తాను. తగ్గిపోతుంది."

తగ్గలేదు. మూడు నెలలు చూసి మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ అదే పరీక్ష, మళ్ళీ నార్మల్. ఈసారి రక్తం తీసే ల్యాబు అమ్మాయి, సూది గుచ్చడానికి నరం దొరక్క చిటికె చల్లటి చేతిని రుద్దుతూ, అక్కతో మెల్లిగా అంది: "అక్కా, ఎప్పుడూ ఇదొక్కటే రాస్తున్నారు. టీ-త్రీ, టీ-ఫోర్ అని ఇంకా ఉంటాయి. అడగండి ఓసారి."

"నువ్వే చేసెయ్ తల్లీ."

"చీటీలో లేకుండా నేను చేస్తే నా ఉద్యోగం పోతుందక్కా."

అక్క అడిగింది. డాక్టరుగారి మొహంలో మొదటిసారి విసుగు కనిపించింది. "టీఎస్‌హెచ్ బాగుంటే మిగతావీ బాగున్నట్టేనమ్మా. ఊరికే సూదిపోట్లు దేనికి? మీకెవరు చెప్పారు ఇవన్నీ?" ల్యాబు అమ్మాయి పేరు చెబితే దాని ఉద్యోగానికి ఎసరు. అక్క నోరు మూసుకుంది. ఆ నోరు ఆ రోజు మూసుకోకుండా ఉంటే ఎలా ఉండేదో అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

అక్కడితో ఆగలేదు. వేరే వీధిలో ఒక పెద్ద ల్యాబు ఉంటే అక్కడికి తీసుకెళ్ళింది. పూర్తి శరీర పరీక్ష అని గోడ మీద రాసుంది, కింద థైరాయిడ్ అని కూడా ఉంది. హమ్మయ్య అనుకున్నారిద్దరూ. ఆ పూర్తి శరీరంలో థైరాయిడ్ అంటే మళ్ళీ ఆ టీఎస్‌హెచ్ ఒక్కటేనని వాళ్ళకెవరు చెబుతారు? రిపోర్టు ఏడు పేజీలొచ్చింది. తేడాగా ఉన్న అంకెల్ని లావుగా అచ్చేస్తారని అప్పటికి ఇద్దరికీ తెలిసిపోయింది. మెట్ల మీద పక్కపక్కనే కూర్చుని, ఒకే కళ్ళద్దాలు మార్చుకుంటూ, లావు అంకె కోసం పేజీ పేజీ వెతికారు.

"ఒకటుందే!" అని కేకేసింది చిటికె. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో ప్రాణం. "సోడియం అట. చూడు, లావుగా ఉంది!"

పరీక్ష ప్యాసైన పిల్లల్లా సంబరపడ్డారు. జబ్బుందని తేలితే అలా సంబరపడేవాళ్ళని లోకంలో ఎక్కడైనా చూశారా? మూడోసారి అదే డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన చూసి, "కొంచెమే తక్కువ. ఉప్పు సరిగ్గా వేసుకో" అన్నాడు. తర్వాత పెన్ను కింద పెట్టి, చిటికె వైపు జాలిగా చూసి, "ఇంట్లో ఏమైనా గొడవలా? మనసులో ఏదైనా బాధ పెట్టుకున్నావా?" అని అడిగాడు.

చిటికె రెండు క్షణాలాగింది. "చేతులు కదలట్లేదండీ," అంది. "బాధంటే అదే."

ఆయన మనసు కుదుటపడే మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే మెలకువగా ఉండే ఆ కాస్త సేపు కూడా పోయింది. నెల చూసి అక్కే వాటిని మాన్పించింది.

ఇక మరిది సంగతి. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పొద్దున్న వెళితే ఎన్ని మేడలెక్కి దిగుతాడో, సాయంత్రం చేతులకి గ్రీజుతో ఇంటికొచ్చేసరికి వంట అయ్యుండదు, పాప తల దువ్వి ఉండదు, పెళ్ళాం గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది. మొదట్లో తనే వండాడు. తర్వాత తర్వాత తలుపులు గట్టిగా వేయడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఏడు పేజీల రిపోర్టు చేతిలో పట్టుకుని వదినగారి దగ్గరికి పైకెక్కి వచ్చాడు.

"మిషను మొత్తం విప్పి చూశాం వదినా. మోటారు బాగుంది, తాళ్ళు బాగున్నాయి, కరెంటు వస్తోంది. అయినా కదలదంటే ఏమనుకోవాలి? కదలడం ఇష్టం లేదనుకోవాలి."

"అది మిషను కాదు."

"ఇన్ని కాగితాలు ఒకలా చెబుతుంటే మీరొక్కరే ఇంకోలా చెబుతారు. మీరు వెనకేసుకొస్తున్నారనే అది లేవట్లేదు. పాప నిన్న బడి నుంచొచ్చి నన్నేం అడిగిందో తెలుసా? అమ్మకి నేనంటే ఇష్టం లేదా అని."

అతను మెట్లు దిగుతుంటే కింద గదిలో చిటికె కళ్ళు తెరిచే ఉందని, అంతా విందని అక్కకి తెలుసు. కిందికి వెళ్ళి మంచం మీద కూర్చుంటే చిటికె అంది: "అక్కా, నిజంగానే నాకేం లేదేమోనే. బద్ధకమేమో. నాకే తెలీట్లేదేమో."

అక్కకి ఒళ్ళు మండిపోయింది. డాక్టరు నమ్మకపోతే పోనీ, మొగుడు నమ్మకపోతే పోనీ, అది కూడా తన మీద నమ్మకం పోగొట్టుకుంటే ఇక మిగిలేదేమిటి? "నోర్ముయ్," అంది. "ఆ కాగితాలు అబద్ధం చెబుతున్నాయి. నాకు తెలుసు ఆ నీరసం ఏంటో. అందులోంచి నేను వచ్చాను."

మర్నాడు పొద్దున్న ఆరింటికి తన మాత్ర పట్టుకుని కిందికి దిగింది. మరిది స్నానాల గదిలో ఉన్నాడు. వంటింటి గట్టు మీద మాత్రని చాకుతో రెండు ముక్కలు చేసి, ఒకటి తను వేసుకుని, ఒకటి చెల్లెలి అరచేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"నన్ను నిలబెట్టిన మాత్ర. వేసుకో. అతనికి చెప్పకు."

చిటికె ఏమీ అడగలేదు. అక్క ఇస్తే అడగడం ఎప్పుడుంది గనక? నీళ్ళు కూడా లేకుండా మింగేసింది.

పది రోజులకి ఏదో మార్పు కనిపించింది. అక్క ముందు తన కళ్ళని తనే నమ్మలేదు. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టింది చిటికె. పిలిస్తే పలకడానికి రెండు క్షణాలు పట్టేది ఒకటైంది. ఇక అక్క ఆగుతుందా? మందుల షాపులో తన పాత చీటీ చూపించి ఇంకో మాత్రల పట్టీ కొనుక్కొచ్చింది. సగానికే ఇంత గుణం కనిపిస్తే నిండు మాత్రకి ఎంత ఉంటుంది! పదకొండో రోజు నుంచి ఇద్దరూ చెరొక నిండు మాత్ర.

ఆ తర్వాతి వారం ఆ ఇంట్లో వెలుగొచ్చిందనే చెప్పాలి. చిటికె పాపకి రెండు జడలు వేసింది. షాపులో జిగురు గిన్నె పక్కకి నెట్టి, ఎవరినీ అడక్కుండా తన పాత బల్ల దగ్గర కూర్చుని, సాయంత్రానికి పదకొండు పుస్తకాలు కుట్టింది. వెనకటి లెక్కకి అది సగం కూడా కాదు. అయినా ఓనరు వచ్చి ఒక్కో పుస్తకం తిప్పి, ఫారాల వరస చూసి, "పరవాలేదే!" అన్నాడు. "చిటికెలో అయిపోలేదండీ, కాస్త ఆలస్యమైంది" అంది ఆమె. అక్క దబ్బనం కింద పెట్టి మొహం తిప్పుకుంది, కళ్ళు తుడుచుకుంటే చెల్లెలు వెక్కిరిస్తుందని.

"చెప్పానా?" అంది ఆ సాయంత్రం.

"చెప్పావే," అంది చిటికె. "నువ్వొక్కదానివే చెప్పావు."

మూడో వారం చివర్లో వాంతులు మొదలయ్యాయి. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. "నాక్కూడా మొదట్లో గుండెదడగా ఉండేది, ఒంటికి పడేదాకా ఇలాగే ఉంటుంది" అని ధైర్యం చెప్పింది అక్క. ధైర్యం చెప్పడమేమిటి, తనూ గట్టిగా నమ్మింది. మాత్ర ఒక్కరోజు కూడా మాన్పించలేదు. మూడో రోజు వాంతితో మాత్ర బయటికొస్తే మళ్ళీ ఇంకోటి వేసింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆమె చేతివేళ్ళు ముడుచుకుపోతాయి.

నాలుగో వారం మంగళవారం పదిన్నరకి, చిటికె కుట్టిన పుస్తకాలు ఎత్తుకుని, వాటిని అదిమే ప్రెస్సు దగ్గరికి నడుస్తూ, సగం దారిలో పుస్తకాలతో సహా కూలిపోయింది. ఒళ్ళు మంచుగడ్డ. ఓనరే తన బండిలో పెద్దాసుపత్రికి చేర్చాడు.

అక్కడ పరుగులు, సూదులు, సెలైన్లు. రక్తపోటు అందట్లేదన్నారు, చక్కెర పడిపోయిందన్నారు, ఊపిరితిత్తుల్లో నెమ్ము కూడా ఉందన్నారు. మరిది పని బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. అతన్ని ఏవో ఇంజక్షన్లు తెమ్మని కిందికి పంపించి, ఒక డాక్టరమ్మ అక్క దగ్గరికొచ్చింది. నలభై దాటిన మనిషి, కళ్ళ కింద నలుపు, చేతిలో కాగితాల అట్ట.

"మీరేమవుతారు?"

"అక్కని."

"ఈమెకి పిల్లలున్నారా? పాలిచ్చిందా బిడ్డకి?"

ఇదేం ప్రశ్న అనుకుంది అక్క. "లేదండీ. పాలు పడలేదు. డబ్బాపాలతోనే పెంచాం."

"కాన్పప్పుడు రక్తం ఎక్కువ పోయిందా?"

"పోయిందండీ." అక్కకి ఆ గది కళ్ళముందు కనిపించింది. "మంచం కిందికి కారింది. మూడు సీసాల రక్తం ఎక్కించారు. బతకదనుకున్నాం. ఆ దుప్పట్లు నేనే ఉతికాను."

"తర్వాత నెలసరి?"

"మళ్ళీ రాలేదు. నీరసం వల్లేమో అనుకున్నాం."

డాక్టరమ్మ అది అట్ట మీద రాసుకుంది. "ఇది ముందు ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదండీ," అంది అక్క. "అడిగితే చెప్పేదాన్నే కదా."

డాక్టరమ్మ చెప్పింది. తలలో, మెదడు అడుగున, శనగగింజంత గ్రంథి ఒకటుంటుంది. మిగతా గ్రంథులన్నిటికీ పని చెప్పేది అదే. కాన్పులో అంత రక్తం పోయినప్పుడు దానికి రక్తం అందక చచ్చుబడుతుంది. గొంతులోని థైరాయిడ్ బాగానే ఉంటుంది, కానీ దానికి పని చెప్పేవాళ్ళు ఉండరు. టీఎస్‌హెచ్ అంటే పైనుంచి వచ్చే ఆ ఆజ్ఞ మాత్రమే. ఈ జబ్బులో అది నార్మల్‌గానే కనబడుతుంది, మోసం చేస్తుంది. దాంతోపాటు టీ-ఫోర్ కూడా చూసుంటే అప్పుడే బయటపడేది. ఇప్పుడు చూశాం, బాగా తక్కువుంది.

"అయితే థైరాయిడే!" అంది అక్క. ఇన్నాళ్ళ తర్వాత ఒకళ్ళు ఆ మాట అన్నారు. ఆ పరిస్థితిలో కూడా ఆమె గుండె ఒక్కసారి పొంగింది. "నేను మొదట్నుంచీ అదే అంటున్నానండీ. అందుకే నా మాత్ర ఇచ్చాను."

డాక్టరమ్మ అట్ట మీద రాస్తున్నది ఆపింది. "ఏ మాత్ర?"

చెప్పింది. ఎన్ని రోజులు, ఎంత, సగం నుంచి నిండుకి ఎప్పుడు మార్చింది, వాంతికి పోతే మళ్ళీ ఎలా వేసింది, అన్నీ.

"చూడండమ్మా," అంది డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "మూత్రపిండాల మీద కూడా రెండు గ్రంథులుంటాయి. ఒళ్ళు కష్టాన్ని తట్టుకునే శక్తి ఇచ్చేవి అవి. ఈమెకి అవీ పనిచేయట్లేదు. ఇలాంటివాళ్ళకి ముందు ఆ లోటు పూడ్చే మందు మొదలుపెట్టి, తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. ముందే ఇస్తే, మిగిలున్న ఆ కాస్త శక్తీ ఖర్చయిపోతుంది. మొదట్లో లేచి తిరిగినట్టే ఉంటుంది. తర్వాత ఇలా పడిపోతారు."

"నా వల్లా?"

"జబ్బు నాలుగేళ్ళుగా ఉందమ్మా. నెమ్ము కూడా పట్టింది. ఒక్కదాని వల్లే అని అనలేం." ఆమె అబద్ధం చెప్పని మనిషి, అందుకే అక్కడితో ఆగింది. "ఇప్పుడు ఆ మందే ఇస్తున్నాం. చూద్దాం. ఆశ ఎక్కువ పెట్టుకోకండి."

మరిది ఇంజక్షన్లతో తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. "ఏమన్నారు వదినా?" అని అడిగాడు. "జబ్బుందిట," అంది అక్క. "పెద్ద జబ్బేనట. పాప పుట్టినప్పటి నుంచీ ఉందిట." అంతవరకే చెప్పింది. అతను గోడకి ఆనుకుని అలాగే నేల మీదికి జారిపోయాడు.

రెండో రోజు మధ్యాహ్నం లోపలికి ఒక్కొక్కరినే పంపించారు. ముందు అతను వెళ్ళి వచ్చాడు. తర్వాత అక్క వెళ్ళింది. చిటికె కళ్ళు తెరిచే ఉంది. మొహానికి గొట్టం, చేతికి రెండు సూదులు. అక్కని చూసి పెదాలు కదిపింది. అక్క చెవి దగ్గరపెట్టింది.

"అక్కా... పొద్దున్న... నీ మాత్ర వేసుకోలేదు."

"ఊరుకోవే."

"అది వేసుకుంటేనే బాగుంటుంది నాకు. వీళ్ళకి తెలీదు." ఊపిరి తీసుకుంది. "తెచ్చావా?"

అక్క తల అడ్డంగా ఊపింది. చిటికె మొహం చిన్నబోయింది, అడిగినది అక్క దగ్గర లేదనడం ఆమెకి అదే మొదటిసారి మరి. "రేపు తేవే" అని కళ్ళు మూసుకుంది. అక్క ఆ చల్లటి చేతిని రుద్దుతూ కూర్చుంది. టైమైపోయిందని నర్సు వచ్చి లేపింది.

సాయంత్రం అయిదున్నరకి చిటికె పోయింది.

కాగితాలు తయారవడానికి గంటపైనే పట్టింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా కిటికీ, కింద రోడ్డు మీద ఆఫీసులు వదిలిన జనం. పాపని పక్కింటివాళ్ళ దగ్గర ఉంచారు. మరిది వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. చాలాసేపు గ్రీజు మరకల చేతులు చూసుకుంటూ ఉండి, ఉన్నట్టుండి ఆమె రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"మీరొక్కరే దాన్ని నమ్మారు వదినా. నేను నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. మీరొక్కరే."

ఆ మాట అక్క తట్టుకోలేకపోయింది. ఇంకేమన్నా తట్టుకునేది. చెంపదెబ్బ కొట్టినా తట్టుకునేది. దాచుకుంటే దాచుకోవచ్చు, డాక్టరమ్మ తనకొక్కదానికే చెప్పింది, అతనికి ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ ఆ మెచ్చుకోలు మోస్తూ ఆ ఇంటి మెట్లు ఎక్కడం ఆమె వల్ల కాదు. చెప్పేసింది. వంటింటి గట్టు, చాకు, సగం మాత్ర, నిండు మాత్ర, డాక్టరమ్మ అన్న మాటలు, ఒక్క ముక్క మిగల్చకుండా. చెప్తున్నంతసేపూ కిటికీ వైపే చూసింది. చెప్పడం అయ్యాక కూడా అతను చేతులు వదల్లేదు.

"తిట్టు," అంది. "ఏదో ఒకటి అను."



"ఏమనను వదినా," అన్నాడు అతను తలెత్తకుండా. "నేను దానికి ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదుగా."